లోజ్ సెంటర్లో డెబ్భై తొమ్మిది

జూన్ 17, బుధవారం

...అయినా తప్పింది ఒక్కటే కదా. ఒక్క దెబ్బ. నిన్న ఇక్కడిదాకా రాసి ఏడుపొచ్చి ఆపేశాను. ఇవాళ ఏడవను. మొత్తం రాస్తాను.

నిన్న సాయంత్రం మా ఊరి లోజ్ సెంటర్లో చేతులు పట్టుకుని గుండ్రంగా సర్దాన ఆడే రింగులు ఐదున్నాయి. ఆఖరి సర్దాన పాట కొత్తది, ఎవరూ వినలేదు. నాలుగు రింగులు పాట ఆఖరి దెబ్బకి చేతులు దించి, కాళ్ళు కలిపి, ఠక్కున ఆగిపోయాయి. మా రింగు మాత్రం పాటైపోయాక ఇంకో అడుగేసింది. పద్నాలుగు మంది, ఆ గులాబీ రంగు పాలరాయి మీద, అంత నిశ్శబ్దంలో. టప్. కాఫీ టేబుళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. తిట్టినా బావుండేది. ఒంటిమీద బట్టల్లేని మన కంచు వీనస్ విగ్రహం కూడా మావైపే చూస్తున్నట్టుంది.

తాత కుడిపక్క నిలబడే ఒర్తాన్స్ ఊరుకుంటుందా! "ఏవయ్యా సోవర్, పాట ఇంటికెళ్ళిపోయింది. నువ్వింకా ఇక్కడే ఉన్నావేం?" అంది.

"నాదే తప్పు. లెక్క జారింది" అన్నాడు తాత.

"నీ లెక్క జారడం నలభై ఏళ్ళలో నేను చూళ్ళేదు."

"ఇప్పుడు చూశావుగా. టికెట్ కూడా అడగలేదు నిన్ను."

అందరూ నవ్వారు. తాతా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి. రింగు మధ్యలో కుప్పేసిన సంచుల్లోంచి తన కోటు తీసుకుని, దులపాల్సినదానికంటే ఎక్కువసేపు దులిపాడు.

ఆ లెక్క తాతది కాదు. నాది. తాత ఎడం చెయ్యి నొక్కింది నేను.

నోరు మూసుకుని నిలబడ్డాను.

జూన్ 17, మళ్ళీ

డబ్బా చూశాను. తాత సాక్సుల సొరుగులో, అడుగున. సీలు తియ్యలేదు.

జూన్ 18, గురువారం

ఎక్కడ తప్పానో తేల్చుకోవాలి. లేకపోతే నిద్ర పట్టదు.

పాటలో పొట్టి ముక్క, పొడుగు ముక్క ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తాయి. కొత్త పాటైతే పొడుగు ముక్కని మొదటిసారి వాయిస్తున్నప్పుడే ఎన్ని దెబ్బలో లెక్కపెట్టేసుకోవాలి. అడుగులు నాలుగేసి చొప్పున పోతాయి. చివర మిగిలేది ఒకటా, రెండా, మూడా అని ముందే తెలిస్తే, ఆఖరి అడుగులు సర్దుకుని పాటతోపాటు ఆగుతాం. నేను అరవై ఐదు అనుకున్నా. ఒకటి మిగిలింది. తాత చెయ్యి ఒకసారి నొక్కాను. ఆయన ఒర్తాన్స్ చెయ్యి నొక్కాడు, ఆవిడ పక్కావిడది, అలా రింగంతా పోయింది.

కానీ అది అరవై నాలుగు! పొడుగు ముక్క మొదలవబోయేముందు బుల్లి ఫ్లూటు ఒక్కసారి పీ అంది. వాయించేవాడు ఊపిరి తీసుకోవడంలాంటిది అది. దాన్ని కూడా నేను లెక్కలో వేశాను. ఫోన్లో రికార్డు పెట్టుకుని పదకొండుసార్లు విన్నా. చిన్నపిల్లలు చేసే తప్పు.

తాతకి ఆ పీ వినపడదు. అంటే, వినపడుతుంది, కానీ సరిగ్గా కాదు. గులిమి అయ్యుంటుంది. పెద్ద బాకాలన్నీ బానే వినపడతాయి ఆయనకి. పాత పాటలైతే అసలు చెవులే అక్కర్లేదు, యాభై ఏళ్ళ నుంచి వేస్తున్న అడుగులు. కొత్తవే చిక్కు. ఈస్టర్ అప్పుడు ఒక కొత్త పాట మొదలైంది. అందరి కాళ్ళూ లేచాయి. తాత కిందికి చూశాడు, పక్కవాళ్ళ కాళ్ళవైపు. మా రింగుకి లెక్క చెప్పే మనిషి, పక్కవాళ్ళ కాళ్ళు చూడడం! నేనే లెక్కపెట్టి చెయ్యి నొక్కేశా. ఆయన ఏమీ ఎరగనట్టు ముందుకి పంపించాడు. అప్పట్నుంచి అంతే. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

నాకూ అదే కావాలి. ఏప్రిల్లో స్కూల్లో ఇంగ్లిష్ ఓరల్ పరీక్షప్పుడు నాలుగు నిమిషాలు బోర్డు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఒక్క ముక్క రాలేదు. వెనక బెంచీలో ఎవడో చేపలా మూతి పెట్టి చూపించాడు. ముగ్గురికంటే ఎక్కువమంది ఉన్నచోట మాట్లాడ్డం అప్పుడే మానేశాను. రింగులో ఎవరూ మాట్లాడక్కర్లేదు. చేతులే.

ఇవాళ కూర కలుపుతూ అమ్మ అడిగింది, "నిజం చెప్పు మైలిస్. తాతకి వినపడట్లేదు కదూ?"

"బానే వినపడుతుంది."

"ఆస్పత్రిలో రోజుకి ఇరవై మంది ముసలాళ్ళని చూస్తా నేను."

"వాళ్ళు వేరే" అన్నా.

తాత నా గదిలోకి తలుపు కొట్టకుండా వచ్చేస్తాడని అమ్మ అంది. కొట్టి ఏం లాభం, లోపల్నుంచి నేను 'రా' అన్నా... నా గొంతు చిన్నది. ఎవరికైనా అంతే.

జూన్ 19

ఇవాళ బేకరీలో నోరు విప్పి రొట్టె అడిగాను. ఇద్దరే ఉన్నారు. మూడో మనిషి లోపలికొచ్చేసరికి చిల్లర కూడా తీసుకోకుండా బయటపడ్డా.

జూన్ 20, శనివారం

ఒర్తాన్స్ వచ్చింది, నత్తల సంచీతో. సెయింట్ జాన్ పండక్కి నిప్పుల మీద కాల్చడానికి. కడుపులు ఖాళీ అవ్వాలని నాలుగు రోజుల్నుంచి ఉపవాసం పెట్టిందట వాటిని. సంచీ మూతి గట్టిగా కట్టలేదు. కబుర్లు అయ్యేలోపు ఒకటి మా రేడియో మీదికెక్కేసింది.

ఒర్తాన్స్ ముప్ఫై ఏళ్ళు ఈ పేటలో ఉత్తరాలు పంచింది. ఎవరింట్లో ఏముందో ఆవిడకి కవరు చూస్తేనే తెలిసేదంటారు. నాకు ఆవిడ కళ్ళల్లోకి చూడాలంటే భయం.

"మంగళవారం కొత్త పాట ఉంది, తెలుసుగా" అంది తాతతో. ప్రతి ఏడూ సెయింట్ జాన్ ముందురోజు సాయంత్రం, కనిగు కొండ మీద వెలిగించిన కాగడా మంట ఊళ్ళోకి వచ్చేముందు, ఎవరూ వినని సర్దాన ఒకటి వాయిస్తారు. కావాలనే తికమకగా రాయిస్తారు దాన్ని. సరిగ్గా ఆగిన రింగు మంట వెనక మొదట నడుస్తుంది, కోట గుమ్మం దాకా.

"తెలుసు" అన్నాడు తాత. తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు, చేసిన చేతికే మళ్ళీ చేస్తున్నాడు.

"ఈసారి కూడా తప్పావనుకో, లెక్క నాకిచ్చెయ్యి."

"నీకా! నువ్వు పద్నాలుగు మందిని లెక్కపెట్టి పదిహేను ప్లేట్లు పెడతావు."

"పదిహేనోది నీకే పెట్టేదాన్ని, రెండోసారి అడుగుతావని. నవ్వులాటకి అనట్లేదు సోవర్. రింగులో అందరూ అంటున్నారు. తప్పితే ఇచ్చెయ్యాలి. మాటివ్వు."

తాత ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "సరే. ఇచ్చేస్తా" అన్నాడు. చాలా మామూలుగా. అమ్మమ్మ పోయాక ఆవిడ గొలుసు అమ్మకిచ్చేసేటప్పుడు కూడా అలాగే అన్నాడు.

ఒర్తాన్స్ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా గడ్డం పట్టుకుంది. "ఏమే పిల్లా, నీకు నాలుక ఉందా, నత్తలు తినేశాయా?"

తలూపాను. ఉందని ఊపానో లేదని ఊపానో నాకే తెలీదు.

డబ్బా అక్కడే ఉంది. తాత జనవరిలో కొన్నాడు, మూత గాజులాంటిది, లోపల రసీదు కాగితం కనిపిస్తోంది. చెవుల మెషీన్లు. రెండు, చిక్కుడుగింజలంత. పెట్టుకోడు. ఒకసారి టీవీలో ప్రకటన వచ్చినప్పుడు మాత్రం అన్నాడు, "లెక్క చెప్పేవాడి చెవిలో మెషీను కనపడిందంటే, ఒర్తాన్స్ ఆ వార్త సాయంత్రానికల్లా పోస్టులో వేసేస్తుంది" అని. మేమేమీ అడక్కముందే అన్నాడు.

జూన్ 21

సంగీత పండగ. మా కిటికీ కింద డ్రమ్ములు, వీనస్ దగ్గర నలుగురు అంకుళ్ళ గిటార్లు, మూలమీద ఒక అమ్మాయి ఒక్కతే ట్రంపెట్. నాకంటే చిన్నది. తప్పులు వాయించి నవ్వుతోంది. తాతా నేనూ రుస్కీయ్ బిస్కెట్లు తింటూ సెంటరంతా మూడు రౌండ్లు కొట్టాం. ఆయన మీసాలకి తెల్ల చక్కెర అంటుకుంది, నేను చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది. "సెంటరంతా చూసిందే!" అని నా జుట్టు లాగాడు. చాలా రోజులకి కడుపు నొప్పొచ్చేలా నవ్వాను.

జూన్ 22

నేను ఎడంపక్క నిలబడకపోతే సరిపోతుందేమో. జ్వరమని చెప్పొచ్చు. అప్పుడు తప్పు నాది కాదు.

రింగులో తాత కుడిపక్క అమ్మమ్మ చోటు. అమ్మమ్మ పోయాక ఒర్తాన్స్ నిలబడుతోంది. మగమనిషికీ ఆయన కుడిపక్క ఆడమనిషికీ మధ్య ఎవరూ దూరకూడదు. ఎడంపక్కైతే ఎవరొచ్చి చెయ్యి చాపినా ఇవ్వాలి, కాదనకూడదు. నాది ఎడంపక్క.

జ్వరం చూసుకున్నా. లేదు.

జూన్ 23, మధ్యాహ్నం

డబ్బా లేదు. సాక్సుల కింద లేదు, చొక్కాల కింద లేదు, స్నానాల గదిలో లేదు. వెనక్కి ఇచ్చేశాడు. లెక్కే ఇచ్చేస్తున్నప్పుడు చెవులెందుకు అనుకుని ఇచ్చేసుంటాడు.

తాత చెప్పుల రిబ్బన్లు కట్టుకుంటున్నాడు. పిలుస్తున్నాడు. వెళ్తున్నా.

జూన్ 24, ఉదయం

ఎక్కడ మొదలుపెట్టాలి!

ముందు అదే రాస్తా. అరిచాను. నేను. లోజ్ సెంటర్లో. సెంటర్లో ఇసకేస్తే రాలనంత జనం ఉన్నప్పుడు.

వరసగా రాస్తాను. ఎనిమిదింటికి ఇంకా ఎండ ఉంది, రాయి వెచ్చగా ఉంది. ఏడు రింగులు. మా సంచులన్నీ మధ్యలో కుప్ప, పైన తాత కోటు. ఆయన చెవుల్లోకి చూశాను, రెండువైపులా. ఏమీ లేవు. చెయ్యి పట్టుకున్నా. పొడిగా, గరుగ్గా, ఎప్పట్లానే ఉంది. పరవాలేదు అనుకున్నా. నొక్కేస్తా, అయిపోతుంది.

బుల్లి ఫ్లూటు ఎత్తుకుంది. పొట్టి ముక్క అయింది, ఇంకా పొడుగు ముక్క రాలేదు. అప్పుడొచ్చిందావిడ. బెజియే ఊరి నుంచట, పూల గౌను, ఇంత లావు, మొహమంతా చెమట, మొహమంతా నవ్వు. "కొంచెం చోటివ్వండమ్మా!" అంటూ తాతకీ నాకూ మధ్య చేతులు చాపింది. ఎడంపక్క. ఇవ్వాలి. ఇచ్చాం.

తాత చెయ్యి నా చేతిలోంచి వెళ్ళిపోయింది.

పొడుగు ముక్క మొదలైంది. నేను లెక్కపెడుతూనే ఉన్నా, ఆపడం నాకు రాదు. ముందు ఒక పీ వచ్చింది. అదే మాయ! దాన్ని కలిపితే ఎనభై. కలపకపోతే డెబ్భై తొమ్మిది. ఎనభై అయితే నాలుగేసి చొప్పున సరిగ్గా పోతుంది, ఏమీ మిగలదు. ఏమీ మిగలకపోతే నొక్కక్కర్లేదు, చెప్పక్కర్లేదు, నోరు మూసుకుని హాయిగా ఆడుకోవచ్చు. ఎనభయ్యే అనుకున్నా. ఎంత గట్టిగా అనుకున్నానంటే దాదాపు నమ్మేశాను. అది కూడా ఒక దెబ్బే అయ్యుంటుంది, ఈసారి అలా రాశారేమో.

కాదు. నాకు తెలుసు. పదకొండుసార్లు విన్నాను.

పొడుగు ముక్క రెండోసారి. బెజియే ఆవిడ చెయ్యి మూడుసార్లు నొక్కాను, తాత దాకా పంపిస్తుందేమోనని. ఆవిడ నావైపు తిరిగి మూడుసార్లు తిరిగి నొక్కింది! "నాక్కూడా భలే సరదాగా ఉందమ్మా!" అంది. మళ్ళీ నొక్కా. మళ్ళీ నొక్కింది, ఈసారి కన్ను కూడా కొట్టింది.

ఆవిడ భుజం మీంచి తాత కనపడ్డాడు. మొహం నిటారుగానే ఉంది, ఎప్పట్లాగే. కళ్ళు మాత్రం కిందికి. పక్క రింగువాళ్ళ కాళ్ళవైపు.

అప్పుడరిచాను.

"డెబ్భై తొమ్మిది! చివర మూడు!"

కోడిని తొక్కినట్టొచ్చింది గొంతు. సగం సెంటరు తిరిగి చూసింది. పక్క రింగువాడెవడో "మా లెక్క చెడగొట్టకే!" అన్నాడు. ఏప్రిల్ లాగానే నిలబడిపోతాననుకున్నా. కానీ కాళ్ళు ఆగలేదు, ఎలా ఆగుతాయి, అటూ ఇటూ చేతులు పట్టుకుని ఉన్నారుగా! చేతులు భుజాల దాకా లేచాయి, రింగు నన్ను ఎత్తుకుని తీసుకుపోయింది.

తాత తలెత్తాడు. నావైపు చూశాడు. తర్వాత తను అరిచాడు, మా రింగుకి, తన అసలు గొంతుతో: "విన్నారుగా! డెబ్భై తొమ్మిది, చివర మూడు!"

ఆ తర్వాత నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలు. పెద్ద బాకాలు. పావురాలన్నీ ఒకేసారి లేవడం. బెజియే ఆవిడ అడుగడుక్కీ నా కాలు తొక్కడం, సారీ చెప్పడం, మళ్ళీ తొక్కడం. పొడుగు ముక్క ఆఖరిసారి. డెబ్భై ఆరు. ఒకటి, రెండు, మూడు, చేతులు కిందికి. పాట ఆగింది. మేమూ ఆగాం.

మా వెనక ఎక్కడో టప్. ఇంకోచోట టప్ టప్. నా కేక విన్నా నమ్మని ఆరు రింగులు ఇంకో అడుగేశాయి. మాదొక్కటే ఆగింది.

అప్పుడు చప్పట్లు. మొన్నటివి కావు ఇవి.

నేను పారిపోదామనుకున్నా. ఇంక అందరికీ తెలిసిపోయింది కదా, లెక్క ఎవరిదో. తాత పరువు నేనే తీశాను. సంచుల కుప్పలో నా సంచీ లాగుతుంటే ఒర్తాన్స్ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఇన్నాళ్ళకి నోట్లోంచి వచ్చిందన్నమాట" అంది.

"తాతదే లెక్క. నేను ఊరికే..." అన్నా.

"ఒసేయ్, ఆయన చెయ్యి ఎవరి చేతిలో ఉంటుంది? నా చేతిలో. ముందు ఆయన ఎడం భుజం కదులుతుంది, తర్వాత నా చెయ్యి నొక్కుతాడు. ఈస్టర్ నుంచీ చూస్తున్నా. నేనొక్కదాన్నే కాదు, రింగంతా చూస్తోంది. ముప్ఫై ఏళ్ళు మూసిన కవర్లు మోశానే, నోరు కట్టుకోవడం నాకు నేర్పకు."

"మరి ఆ రోజు... ఇచ్చెయ్యమని..."

"ఇద్దరూ ఇద్దరే. ఒకడు చెవులు దాచుకుంటాడు, ఒకత్తె నోరు దాచుకుంటుంది. ఎవరో ఒకరు బయటపడతారని చూశా." గొంతు పెంచింది, తాత వైపు. "లెక్క ఇచ్చేస్తావా సోవర్?"

తాత కోటు వేసుకుంటున్నాడు. "ఇచ్చేశాగా. నీకు కాదు" అన్నాడు.

మంట వచ్చింది. ఎర్ర చొక్కాల వాళ్ళు పట్టుకొచ్చారు కొండ మీంచి. దాని వెనక మొదట మేము నడిచాం, కోట గుమ్మం దాకా, బెజియే ఆవిడతో సహా. ఆవిడే గెలిపించినట్టు అందరికీ చెయ్యి ఊపింది. నత్తలు కాలుతున్న వాసన అప్పుడే మొదలైంది. తాత నా పక్కన నడిచాడు. మంటవైపే చూస్తున్నాడు. నాకు మళ్ళీ భయమేసింది.

"పోయిన మంగళవారం తప్పు నాది" అన్నా. వినపడాలని గట్టిగానే అన్నా.

"తెలుసు. ఆ పీ కలిపేశావు."

"నీకెలా తెలుసు? నీకది..."

"ఒక అడుగు ఎక్కువ పడిందంటే ఆ పీ కలిపేసినట్టే. మీ అమ్మమ్మ కూడా మొదట్లో అదే తప్పు చేసేది." కొంచెం దూరం నడిచాక అన్నాడు, "ఇవాళ మాత్రం నువ్వన్నది బాగా వినపడింది నాకు. ఈ ఏడాది ఇంత శుభ్రంగా వినపడింది అదొక్కటే. కనిగు మీద మేకలు కూడా లెక్క సరిచూసుకుని ఉంటాయి."

నవ్వాను. ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. లోపల ఏదో పట్టుకుని ఉన్నాడు, చిన్నది, చదరంగా. డబ్బా! వెనక్కి ఇచ్చెయ్యలేదు. వెంట తెచ్చుకున్నాడు, పాట జరుగుతున్నంతసేపూ రింగు మధ్యలో, సంచుల మీద, కోటు జేబులో ఉంది. తెచ్చుకుని, పెట్టుకోలేకపోయాడు. నేనేమీ అడగలేదు. నాకు తెలుసు అదెలా ఉంటుందో.

సెప్టెంబర్లో స్కూల్లో మళ్ళీ ఓరల్ ఉంటుంది. భయమే. కానీ అక్కడ ఇరవై ఎనిమిది మందే.

ఇంకా రాయాల్సింది చాలా ఉంది. నత్తలు, అమ్మ డ్యూటీ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి

తలుపు కొడుతున్నారెవరో.

అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. తాత అయితే కొట్టడు, సరాసరి వచ్చేస్తాడు. మళ్ళీ కొట్టారు. మెల్లిగా, రెండుసార్లు. "ఎవరూ?" అన్నా, నాకే వినపడనంత చిన్నగా.

"నేనే, అమ్మడూ. మెల్లిగా రాసుకో. నీ పెన్ను గీకుడు వంటింట్లోకి వినిపిస్తోంది." తాత గొంతు!

దాచేస్తున్నా. కెమిస్ట్రీ పుస్తకంలో. ఇంట్లో ఎవరూ తెరవ